పసుపు గీతలు ఎవరివి

కొత్త నూనె పొయ్యాలి, జింకు కలిసిన రకం.
పంపుని డ్రిల్లుతో తిప్పి ఒత్తిడి గేజి చూడాలి.
ఫ్లైవీల్ బిగించాలి. క్లచ్చు ప్లేటు సరిగ్గా మధ్యకి వచ్చిందో లేదో చూసుకోవాలి.
కారు ముందు భాగంలో వైర్లన్నీ పక్కకి కట్టెయ్యాలి. మడ్‌గార్డుల మీద దుప్పట్లు కప్పాలి, రంగు గీసుకుంటే రస్సెల్ ఏడుస్తాడు.
చెయిన్ పుల్లీ కొక్కెం ఒకసారి లాగి చూడాలి.
నాన్నతో మాట్లాడాలి.

చివరిది తప్ప మిగిలినవన్నీ నెవెంకా షెడ్డు గోడ మీది నల్లబల్ల మీద సుద్దతో రాసింది. చివరిది ఎక్కడా రాయలేదు. అది కిందటేడు శీతాకాలానికి ముందు శీతాకాలం నుంచి ఆమె మనసులో ఉన్న పని. ప్రతి వారమూ పై వారానికి జరుపుకుంటూ వస్తున్న పని.

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో ముందు చెప్పుకుందాం. గీలాంగ్‌లో కార్ల ఫ్యాక్టరీ మూతపడి కొన్నేళ్ళయింది. అందులో ఇంజన్ల వరసలో పనిచేసి, ఆ తరవాత నార్లేన్‌లో సొంత షెడ్డు పెట్టుకున్న స్తిపాన్ వూలేతిచ్‌కి ఎనభై దగ్గర పడుతున్నాయి. ఎనిమిది సిలిండర్లుండే పాత వీ-ఎయిట్ ఇంజన్లు విప్పి మళ్ళీ కట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన పేరు చెప్పాక ఇంకో పేరు చెప్పరు. కూతురు నెవెంకా ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన పక్క బల్ల మీదే పనిచేస్తోంది. మెల్‌బోర్న్‌లో ఉండే కొడుకు ఆంతే వచ్చి, నాన్న ఇక పానా కింద పెట్టాల్సిందేనని గొడవ పెట్టుకున్నాడు. ఆ గొడవ జరుగుతున్నప్పుడు రస్సెల్ పాస్కో అక్కడే ఉన్నాడు. రస్సెల్ కోలాక్ దగ్గర పాడి ఆవుల మంద నడిపే మనిషి. అతని నారింజ రంగు ఫాల్కన్, రెండు తలుపుల హార్డ్‌టాప్, బానెట్ ఎత్తి, లోపల ఇంజన్ లేకుండా, షెడ్డు మధ్యలో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. స్తిపాన్ ఆ కారుని చూపించి కొడుకుతో అన్నాడు, దీనికోసం కట్టిన ఇంజన్ నూనె ఒత్తిడి నిలబెట్టుకోకపోతే ఎవరూ చెప్పక్కర్లేదు, నా బల్ల నేనే ఖాళీ చేస్తానని. ఆంతే సరేనని వెళ్ళిపోయాడు. అక్కడ ఆపాం.

ఇప్పుడు ఆ షెడ్డులో ఉన్న కట్టుబాటు ఒకటి చెప్పాలి. అది స్తిపాన్ ఫ్యాక్టరీలో నేర్చుకుని వెంట తెచ్చుకున్నది. ఇంజన్‌లో ప్రతి బోల్టుకీ ఇంత బిగువని ఒక లెక్క ఉంటుంది. కొలత పానాతో ఆ లెక్కకి బిగించాక, బిగించిన మనిషే బోల్టు తల మీద నుంచి కింది ఇనుము మీదికి సన్నటి పెయింటు గీత ఒకటి గీస్తాడు. గీత ఉంటే పని అయినట్టు. గీత మధ్యలో తెగిపోయి ఉంటే బోల్టు కదిలినట్టు. స్తిపాన్‌ది పసుపు, నెవెంకాది తెలుపు. గీత గీశాక ఆ బోల్టుకి పూచీ ఆ మనిషిదే. ఒకరి గీత మీద రెండోవాళ్ళు పానా పెట్టకూడదు. పెట్టాల్సి వస్తే పిలిచి, చూపించి, వాళ్ళ చేతే విప్పించాలి. పని నేర్చుకునే రోజుల్లో నెవెంకా తెల్ల గీత గీసిన బోల్టు ఒకటి వదులైతే, స్తిపాన్ దాన్ని తను బిగించలేదు. లారా ఊళ్ళో ఉన్న ఆ కారు దగ్గరికి ఆమెనే వానలో పంపించాడు.

ఆ సోమవారం పొద్దున రస్సెల్ పాలు పితికే పని ముగించుకుని, ఇంకా కొట్టం వాసనతోనే, మాంసం కూరి కాల్చిన పైలు సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఇంజన్ స్టాండు మీద ఉంది. బూడిద ఇనుముకి నీలం రంగు వేసి, పసుపు గీతలతో, పెళ్ళికి ముస్తాబైనట్టుంది. కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తీసేసి, ఆ కన్నంలోంచి పంపు దాకా పొడుగాటి ఊచ ఒకటి దింపి, దాని పై కొసకి పెద్ద డ్రిల్లు తగిలించారు. కొత్తగా కట్టిన ఇంజన్ లోపల పొడిగా ఉంటుంది. తాళం తిప్పడానికి ముందే నూనె ప్రతి బేరింగ్‌కీ చేరాలి. చేరకుండా నడిపితే నెలల తరబడి చేసిన పని నిమిషంలో మసి. అందుకే ఈ డ్రిల్లు.

రస్సెల్ కారు తలుపుకి ఆనుకుని పై కొరుకుతూ, "పెద్దాయనా, మా ఆవులు నిన్న సాయంత్రం నుంచి రెండు పూటలు పాలిచ్చేశాయి. నీది ఇంకా నూనె తాగడం దగ్గరే ఉందా?" అన్నాడు.

"ఆవుకి నాలుగు చన్నులే కదా. దీనికి ఎనిమిది" అని స్తిపాన్ డ్రిల్లు రెండు చేతులా పట్టుకున్నాడు.

మామూలుగా అయితే డ్రిల్లు మొదట తేలిగ్గా గిర్రున తిరుగుతుంది. నూనె లోపలి దారులన్నీ నిండగానే దాని గొంతు దిగుతుంది. పట్టుకున్నవాడి మణికట్టు మెలి తిరిగేంత బరువు పడుతుంది. అప్పుడు గేజి ముల్లు లేస్తుంది. నెవెంకా గేజి దగ్గర కూర్చుంది. డ్రిల్లు తిరుగుతోంది. గొంతు దిగలేదు. ముల్లు సున్నా మీద పడుకునే ఉంది.

స్తిపాన్ ఆపి, తిరిగే దిశ చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. ఫిల్టరు విప్పి చూశాడు, నిండుగా ఉంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి డ్రిల్లు రస్సెల్‌కి ఇచ్చి, తను పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, దాని మొన ఇంజన్ ముందు మూతకి ఆనించి, చెక్క పిడి చెవి వెనక ఎముకకి ఆనించుకున్నాడు. ఆయన చెవి మందగించి చాలా ఏళ్ళయింది, ఇంజన్లని ఎముకతోనే వింటాడు. కాసేపు విని స్క్రూడ్రైవరు దించాడు.

ముందు మూత వెనక నూనె కుళాయి వదిలినట్టు కారుతోందని చెప్పాడు. ఆ చెప్పడంలో కంగారు లేదు. వానొస్తోందని చెప్పినట్టు చెప్పాడు.

మూత విప్పడానికి పొద్దు చాలా పోయింది. ముందు పుల్లీ లాగాలి, కింద తొట్టి పెట్టాలి, పసుపు గీతలు గీసి ఉన్న బోల్టులు ఒక్కొక్కటే తియ్యాలి. తీస్తున్నంతసేపూ స్తిపాన్ తన గీతల్ని గోటితో గోకి చూసుకుంటూనే ఉన్నాడు. మూత ఊడింది, నూనె జారింది. చెయినూ, దాని పళ్ళ చక్రమూ తీశారు. చక్రం వెనక, నూనె దారి బయటికి తెరుచుకునే చోట, చిటికెన వేలు పట్టేంత కన్నం ఉంది. దానికి మరలున్న చిన్న బిరడా ఒకటి బిగించి ఉండాలి. లేదు.

స్తిపాన్ ఆ కన్నంలో వేలు పెట్టి చూశాడు. వేలు బయటికి తీసి గుడ్డకి తుడుచుకున్నాడు.

"పెట్టలేదు" అన్నాడు. "నేనే పెట్టలేదు."

రస్సెల్ రెండో పై సంచిలోంచి తీసి మళ్ళీ సంచిలోనే పెట్టాడు. స్తిపాన్ అతని వైపు తిరిగి, ఆంతేతో అన్న మాట నీ ముందే కదా అన్నాను, సాక్షివి నువ్వే అన్నాడు. ఒక బిరడా కోసం బల్ల ఖాళీ చేసే మనిషిని తను ఎక్కడా చూళ్ళేదని రస్సెల్ అన్నాడు. తను గేటు వెయ్యడం మర్చిపోతే నెలకోసారి మంద మొత్తం రోడ్డు మీదే ఉంటుందని, తన భార్య ఇంకా తనని ఇంట్లోంచి తరమలేదని చెప్పాడు.

"నీ ఆవులు వెనక్కొస్తాయి" అన్నాడు స్తిపాన్. "పొట్ట చీల్చుకుని రాడ్డు బయటికొచ్చిందంటే ఆ ఇంజన్ వెనక్కి రాదు."

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుండగా నెవెంకా చేతిదీపం పట్టుకుని ఆ కన్నంలోకి వంగి చూసింది. మరల గాడుల్లో ఎర్రటి లేపనం సన్నగా అంటుకుని ఉంది. బిరడా బిగించే ముందు దాని మరలకి రాసే లేపనం అది. బిరడా ఎన్నడూ పెట్టని కన్నంలో ఆ ఎరుపు ఉండదు. ముసలాయన కళ్ళకి అది ఆనదు. రస్సెల్‌కి దాని సంగతి తెలీదు. ఆ షెడ్డులో ఆ ఎరుపు చూడగలిగిందీ, చూసి అర్థం చేసుకోగలిగిందీ ఆమె ఒక్కతే.

దీపం ఆర్పేసింది.

స్తిపాన్ ఆదివారాలు క్రొయేషియన్ క్లబ్బులో ఇనపగుళ్ళు విసిరే ఆటకి వెళతాడు. ముందు రోజు ఆయన అటు వెళ్ళగానే నెవెంకా ఈ ఇంజన్ ముందు మూత విప్పింది. చెయిన్ ఎక్కించేటప్పుడు కలపాల్సిన గుర్తులు సరిగ్గా కలిశాయో లేదో చూడటానికి విప్పింది. కలిసే ఉన్నాయి. అంతటితో మూసేసి ఉంటే ఈ కథ ఇలా జరిగేది కాదు. చక్రం ఎలాగూ ఊడింది కదా, నూనె దారి కూడా ఒకసారి కడిగితే పోలా అనుకుని ఆ బిరడా తీసి, కిటికీ గట్టు మీది డబ్బాలో పెట్రోలులో పడేసింది. దారి కడిగింది. అప్పుడే ఆంతే ఫోను చేశాడు. నాన్న ఇంకా ఏ తప్పూ చెయ్యలేదా అని అడిగాడు. ఆమెకి ఒళ్ళు మండింది. బయటికి నడుచుకుంటూ వెళ్ళి, నాన్న చేతిలో తప్పు జరగడం నేనింతవరకూ చూళ్ళేదు, నీకేం తెలుసని మాట్లాడతావ్ అని తమ్ముణ్ణి చాలాసేపు తిట్టింది. ఆ కోపంతోనే వెనక్కొచ్చి చక్రం ఎక్కించింది, మూత బిగించింది. తండ్రి పసుపు డబ్బా తెరిచి, ఆయన గీసినట్టే, బోల్టుల మీద పసుపు గీతలు గీసింది. తండ్రిని వెనకేసుకొచ్చే హడావుడిలో తండ్రి బిరడా మర్చిపోయింది.

ఇప్పుడు చెప్పొచ్చు. రస్సెల్ ఉన్నాడు, సాక్షి కూడా అతనే. కానీ ఆమె చేతిదీపం తీసుకెళ్ళి మేకుకి తగిలించింది. రస్సెల్ టోపీ పెట్టుకున్నాడు, తొందరేం లేదు, కారు ఎక్కడికీ పారిపోదు అన్నాడు. ఆమె గేటు దాకా వెళ్ళి అతన్ని సాగనంపింది. గేటు దగ్గర అతను గొంతు తగ్గించి, పెద్దాయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండమని చెప్పాడు. ఆమె తలూపింది.

లోపలికొచ్చేసరికి స్తిపాన్ పానాలు ఒక్కొక్కటే కిరసనాయిల్లో కడిగి, తుడిచి, పాత దుప్పటి మీద వరసగా పెడుతున్నాడు. పని అయ్యాక రోజూ కడిగేవే. కానీ రోజూ గోడకి తగిలిస్తాడు. ఇవాళ తగిలించడం లేదు. పసుపు డబ్బా మూత పెట్టి, చుట్టూ సుత్తితో తట్టాడు, మళ్ళీ తెరవాలంటే ఉలి కావలసినంత గట్టిగా.

నెవెంకా కిటికీ దగ్గరికి వెళ్ళింది. డబ్బాలో చెయ్యి పెట్టి దేవింది. పెట్రోలు కారుతున్న బిరడా తెచ్చి ఆయన ముందు దుప్పటి మీద పెట్టింది.

"నాన్నా, నువ్వు పెట్టావు. నేను తీశాను."

స్తిపాన్ బిరడాని రెండు వేళ్ళతో ఎత్తి తిప్పి చూశాడు. "ఎప్పుడు?"

"నిన్న. నువ్వు క్లబ్బుకి వెళ్ళినప్పుడు. కడుగుదామని తీశాను. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను."

ఆయన బిరడాని గుడ్డతో తుడిచి మళ్ళీ దుప్పటి మీద పెట్టాడు. పక్క వీధిలో ఎవరో చెట్టు కొమ్మలు కోస్తున్న యంత్రం ఆగి, మళ్ళీ మొదలైంది.

"రస్సెల్ ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదు."

"నాకు వచ్చింది" అన్నాడు స్తిపాన్.

ఆయన తిట్టి ఉంటే ఆమెకి సులువుగా ఉండేది. తిట్టలేదు. క్రొయేషియా వాళ్ళలో కూతుళ్ళని కూడా కొడుకా అనే పిలుస్తారు. ఆమెని ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన ఏరా అనే పిలుస్తాడు. ఇప్పుడూ అలాగే పిలిచాడు, గొంతు మాత్రం మామూలుగా లేదు.

"ఏరా, పసుపు గీత ఉన్న మూత ఎందుకు తీశావు?"

ఆమె చెప్పింది. నిలబడే చెప్పింది, బల్ల అంచు పట్టుకుని. ఒక శీతాకాలంలో పళ్ళ డాక్టరు కారుకి ఆయన కట్టిన ఇంజన్‌లో చెయిన్ దాని చక్రం మీద ఒక పన్ను పక్కకి తప్పి ఉండటం తను చూసింది. ఆయన్ని పిలవలేదు. అప్పటికే ఆంతే గొడవ మొదలుపెట్టి ఉన్నాడు, ఈ మాట అతని చెవిన పడుతుందని భయపడింది. తనే విప్పి సరిచేసి, ఆయన పసుపుతోనే గీతలు గీసింది. ఆ తరవాత వచ్చిన ఇంజన్ కూడా విప్పి చూసింది. ఆ తరవాతది కూడా. ఆదివారాలు. సిలిండర్లకి మూతల్లా రెండు పక్కలా ఉండే తలల బోల్టులు, బేరింగ్ మూతలు, రాడ్లు, అన్నీ వదులు చేసి, మళ్ళీ బిగించి, మళ్ళీ పసుపు.

స్తిపాన్ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. ఇంజన్ దగ్గరికెళ్ళి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, ఇంజన్ తల మీది బోల్టుల గీతలు ఒక్కొక్కటే చూశాడు.

"నేను పైనుంచి కిందికి గీస్తాను" అన్నాడు. "ఇవి కింద నుంచి పైకి ఉన్నాయి. కింద మొదలెట్టిన చోట బొట్టు కట్టింది చూడు."

ఆమె చూసింది.

"చాలా ఇంజన్ల మీద చూశాను ఇట్లాంటివి. ఇదేంటి, నా చెయ్యి ఎప్పుడు మారింది అనుకున్నాను. ఎప్పుడు గీశానో గుర్తు రావట్లేదేంటి అనుకున్నాను." ఆయన కళ్ళజోడు తీశాడు. "ఆంతే అన్నది నిజమేనేమోనని, ఆ గీతలు చూసే అనుకున్నాను రా."

నెవెంకా కూర్చుంది. అప్పటిదాకా ఆమె అనుకున్నది, తను దాచింది తండ్రి తప్పుని అని. ఆయన బుర్ర మీద ఆయనకే అనుమానం పుట్టిస్తున్నది తన చెయ్యేనని ఆమెకి ఆ నిమిషం దాకా తట్టలేదు. క్షమించమని అడగబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, అవన్నీ తరవాత, ముందు గుడ్డా, పెయింటు తుడిచే మందూ తీసుకో అన్నాడు.

"నీవన్నీ తెల్లగా చెయ్యి. ఎవరిది ఏదో నాకు కనపడాలి."

ఆమె పని మొదలుపెట్టింది. తను మళ్ళీ బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు తుడిచి తెల్ల గీత గీసింది. ఆయన చెక్కపెట్టె మీద కూర్చుని నారింజ వలుచుకుంటూ చూశాడు. తొనలు తినలేదు, మోకాలి మీద వరసగా పేర్చుకున్నాడు. ఇంజన్ ఎడమ తల బోల్టులన్నీ తెల్లబడ్డాయి. కుడి తలవీ తెల్లబడ్డాయి. ముందు మూత బోల్టులు బల్ల మీద ఉన్నాయి, వాటి తలలూ తెల్లబడ్డాయి. ఇంజన్‌ని స్టాండు మీద తిరగేసినప్పుడు అడుగు తొట్టి చుట్టూ మాత్రం పసుపు మిగిలింది. లోపలి బేరింగులు చూడటానికి తొట్టి విప్పాలని ఆమె అనుకున్న ఆదివారం ఇంకా రాలేదు.

"తొట్టి నాదన్నమాట" అన్నాడు స్తిపాన్. "ఇంత ఇంజన్‌లోనూ నాకు మిగిలింది నూనె తొట్టి." ఆయన నవ్వాడు, ఆమె నవ్వలేకపోయింది. ఒక తొన ఆమెకి ఇచ్చాడు.

అప్పుడు ఆయన ఒక ప్రశ్న అడిగాడు. అడగడం కూడా పనివాడు అడిగినట్టే అడిగాడు, తండ్రి అడిగినట్టు కాదు.

"ఇన్ని విప్పావు కదా. ఏం దొరికింది?"

"అంటే?"

"తప్పు. నా తప్పులు ఎన్ని దొరికాయి?"

నెవెంకా చెప్పడానికి నోరు తెరిచి ఆగింది. విప్పుతున్నప్పుడల్లా ఆమె వెతికింది తప్పుల కోసమే. దొరకనప్పుడల్లా ఈసారికి గండం గడిచిందనుకుంది, పై ఆదివారం మళ్ళీ విప్పింది. అన్నీ కలిపి ఏం దొరికిందని ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. పళ్ళ డాక్టరు కారు చెయిన్. ఇంకా వెనక్కీ ముందుకీ వెతికింది. ఇంకేం లేదు.

"ఆ పన్ను ఒక్కటే" అంది.

"నీవి?"

ఆమె దుప్పటి మీది బిరడా వైపు చూసింది. "ఇదొక్కటి."

పన్ను తప్పిన ఇంజన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, దగ్గుతుంది, ఆ దగ్గు విని ఎవరైనా వెనక్కి తీసుకొస్తారు. బిరడా లేని ఇంజన్ ఒక్క నిమిషంలో చస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"అయితే ఆంతేకి నేను చెప్తాను నాన్నా. ఇవాళే చెప్తాను. తప్పు నాదని చెప్తాను. నీ బల్ల నీదే."

స్తిపాన్ తల అడ్డంగా ఊపాడు. నీ తప్పు వల్ల నేను ఇక్కడ ఉండిపోవడం నాకొద్దు అన్నాడు. నేను కట్టింది నిలబడింది కాబట్టి ఉండాలి. పోతే నేను కట్టింది నిలబడలేదు కాబట్టి పోవాలి. నువ్వు విప్పి బిగించిన ఇంజన్లలో నాది ఏముంది, నీది ఏముంది, ఎవరు చెప్తారు? నేను వదులుగా వదిలింది నువ్వు బిగించి, బాగానే ఉందని నాతో అంటున్నావేమో. ఆమె లేదంది. ఒట్టు వేస్తానంది.

"ఇవాళ పొద్దుటి దాకా అయితే ఒట్టు అక్కర్లేకుండానే నమ్మేవాణ్ణి" అన్నాడు స్తిపాన్.

ఆ మాట అన్నాక ఆయన ముఖం కాస్త మెత్తబడింది. ఆమె ముఖం చూసి మెత్తబడింది కాబోలు. లేచి నారింజ తొక్కలు డబ్బాలో వేశాడు.

"ఒక్కటి చెప్పరా. నువ్వు చెయ్యి పెట్టని ఇంజన్, నేను ఒక్కణ్ణే మొదట్నుంచి చివరి దాకా కట్టిన ఇంజన్, ఒక్కటైనా బయట తిరుగుతోందా?"

ఆమె లేదనబోయింది. అంతలో పోయిన శరత్కాలం గుర్తొచ్చింది. అప్పుడు ఆమెకి పిత్తాశయంలో రాళ్ళు తీశారు. కొన్ని వారాలు షెడ్డు ముఖం చూళ్ళేదు. ఆ రోజుల్లో స్తిపాన్ ఒంటరిగా ఒక ఇంజన్ కట్టి, ఒంటరిగా బండిలో దించి, పంపించేశాడు. ఆమె తిరిగొచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. విప్పడానికి దొరకలేదు. అది తలుచుకుని ఆమె ఎన్నో రాత్రులు నిద్ర పట్టక దొర్లింది. తరవాత తరవాత మర్చిపోయింది.

"గ్లెండా ప్రయర్ బండి" అంది.

స్తిపాన్‌కి వెంటనే గుర్తొచ్చింది. ఓట్వే కొండల మీద పొలాలకి ఉత్తరాలు, పార్సిళ్ళు చేరవేసే మనిషి గ్లెండా. భర్త పోయాక ఆ టపా పనీ, అతని పాత నీలం ఫాల్కన్ ట్రక్కూ రెండూ ఆమెకి వచ్చాయి. కొత్త బండి కొనుక్కోమని అందరూ చెప్పారు, ఆమె వినలేదు. ఇంజన్ కట్టించుకుని అదే నడుపుతోంది. రోజూ, బురద రోడ్ల మీద, ఒక పక్క కొండా ఒక పక్క లోయా ఉన్న మలుపుల్లో.

"అది నాది" అన్నాడు స్తిపాన్. "ప్రతి గీతా నాదే. అది బాగుంటే, ఈ పానాలు ఇవాళే మళ్ళీ గోడెక్కుతాయి, ఆంతే వచ్చి ఏం చెప్పినా సరే. బాగాలేకపోతే ఆంతేకి నేనే ఫోను చేస్తాను. నువ్వు మధ్యలోకి రావద్దు. ఒప్పుకున్నట్టేనా?"

నెవెంకా ఒప్పుకుంది. ఒప్పుకోకుండా ఉండే హక్కు తనకి లేదనుకుంది.

ఆయన అక్కడే నిలబడి, ఫోను చెయ్యమన్నాడు. కొండల్లో సిగ్నల్ సరిగ్గా అందదు. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి కలిసింది. ఇంజన్ ఆపి ఉన్నట్టుంది, గాలి హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు. నెవెంకా తన పేరు చెప్పి, ఊరికే చేశాను, బండి ఎలా నడుస్తోందో కనుక్కుందామని అంది. ఆ ఊరికే అన్న మాట దగ్గర స్తిపాన్ కళ్ళు చిట్లించాడు.

"అమ్మయ్య, నువ్వే చేశావా" అంది గ్లెండా. "నేనే చేద్దామనుకుంటున్నా తల్లీ, వారం నుంచి. మీ నాన్న ఉన్నాడా అక్కడ? ఆ ఇంజన్ గురించి ఆయనతోనే మాట్లాడాలి. ఇప్పుడు రోడ్డు పక్కన ఆగి బానెట్ ఎత్తుకునే కూర్చున్నా. ఇది..."

లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. స్తిపాన్ ఏమందని అడిగాడు. నెవెంకా ఆమె అన్న మాటలు ఒక్కటి తగ్గకుండా, ఒక్కటి చేర్చకుండా చెప్పింది. ఆయన కోటు తొడుక్కుని, గోడ మేకుకున్న వ్యాను తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పానాలు దుప్పటిలో మూట కట్టి తనే చంకన పెట్టుకున్నాడు. వ్యాను గ్లెండా టపా దారి పట్టుకుని ఓట్వే కొండల వైపు తిరిగేసరికి చినుకులు మొదలయ్యాయి.

వాళ్ళు అక్కడికి చేరడానికి ఇంకా చాలా దారి ఉంది. ఈలోగా పాఠకులకి ఒక మనవి. తండ్రీ కూతుళ్ళలో ఎవరిది తప్పో మీరు ఈ వారం ఎలాగూ మాట్లాడుకుంటారు. మాట్లాడుకోండి. కానీ మధ్యలో ఒక్కసారైనా గ్లెండా ప్రయర్‌ని గుర్తు చేసుకోండి. తడిసిన యూకలిప్టస్ చెట్ల కింద, నీలం ట్రక్కు బానెట్ ఎత్తి పట్టుకుని, సగం పంచని ఉత్తరాల సంచి సీట్లో పెట్టుకుని, ఆ మలుపు దగ్గర ఆమె ఒక్కతే ఉంది.